అందరి తిట్లూ పెంగ్విన్‌కే

హైదరాబాద్ కాప్రాలో లాప్‌టాప్ మొరాయిస్తే సలహాలకు కొదవుండదు. ఏఎస్ రావు నగర్ నుంచి సైనిక్‌పురి దాకా ఇంటికో ఇంజినీరు. వాడు ఊళ్లో లేకపోతే అమెరికా నుంచి వీడియో కాల్‌లో దిగుతాడు. అలాంటి చోట మా కింది ఫ్లాట్ కుర్రాడు కొత్త లాప్‌టాప్‌లో విండోస్ పీకేసి లైనక్స్ ఎక్కించాడు. స్క్రీను వెలిగింది, పాట పలికింది. వైఫై రాలేదు. సిగ్నల్ అందకపోవడం కాదు, అసలు వైఫై అడాప్టరే లేదు పొమ్మంది సెట్టింగ్స్.

పక్కింటాయన రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేయించాడు. అది మన జాతీయ వైద్యం. పై ఫ్లాట్ ఆవిడ బాల్కనీలోకి తీసుకెళ్లి చూడమంది. కుర్రాడి మేనమామ అయితే ఫోన్లోనే తీర్పు ఇచ్చేశాడు: "ఊరికే వచ్చేవి ఇలాగే ఏడుస్తాయిరా. డబ్బు పెట్టి విండోస్ కొనుక్కో." ఆయన చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోను. దాని లోపల నడిచేదీ లైనక్స్ కెర్నెలే, వైఫై మీదే ఆయన గొంతు ఖంగున మోగుతోంది. ఆ సంగతి మేనమామకి ఎవరు చెబుతారు?

సరైన ప్రశ్న అడిగింది ఈసీఐఎల్‌లో రిటైరైన పెద్దాయన ఒక్కరే. "కార్డు ఎవరిదో చూశావురా?" టెర్మినల్ తెరిచి 'ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే' కొడితే కార్డు పేరూ నంబరూ వచ్చాయి. దాని కింద డ్రైవర్ పేరు చూపించాల్సిన వరుస మాత్రం లేదు. కార్డు నిక్షేపంగా ఉంది, దానికి పని చెప్పేవాడే లేడు.

పెద్దాయనకి ఒళ్లు మండింది. ఏఎస్ రావు గారి చేతుల మీద 1967లో మొదలైన ఈసీఐఎల్ 1969కల్లా టీడీసీ-12 కంప్యూటర్‌ను తెచ్చింది. అందులో ఏ తీగ ఎక్కడికి పోతుందో కట్టినవాళ్లకు తెలుసు. ఇప్పుడు గోరంత చిప్ లోపల ఏం జరుగుతుందో డబ్బిచ్చి కొన్నవాడికి చెప్పరు. వ్యాపార రహస్యమట! విండోస్‌కి డ్రైవర్ రాసిస్తారు, లైనక్స్ అనగానే చెవుడు నటిస్తారు. తిట్లు మాత్రం లైనక్స్ గుర్తయిన పెంగ్విన్‌కి.

ఇది నిన్నటి రోగం కాదు. బ్రాడ్‌కామ్ తన వైఫై చిప్‌ల వివరాలు బయటపెట్టకపోతే వలంటీర్లు రెండు జట్లయ్యారు. ఒక జట్టు కంపెనీ డ్రైవర్‌ను విప్పి చూసి, చిప్ ఎలా పనిచేస్తుందో రాసిపెట్టింది. ఆ డ్రైవర్ ముఖం కూడా చూడని రెండో జట్టు ఆ రాతను బట్టి కొత్త డ్రైవర్ కట్టింది. రేపెవరూ కాపీ అనకుండా అంత మడి! 2006లో అది కెర్నెల్‌లో చేరింది. అయినా చిప్‌లోకి ఎక్కించే ఫర్మ్‌వేర్‌ను పంచే హక్కు లేదు; ఎవరికి వారు కంపెనీ డ్రైవర్‌లోంచి కోసుకోవాలి. ఆ కోతకీ ఒక ప్రోగ్రాం రాశారు. 2010లో గానీ ఆ కంపెనీ తన కొత్త చిప్‌లకు ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఇవ్వలేదు. స్వేచ్ఛ విషయంలో పంతం పట్టే డెబియన్ లైనక్స్ వాళ్లు సైతం 2022లో ఓటింగ్ పెట్టుకుని, గుట్టు విప్పని ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్‌లోనే ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

మా కుర్రాడి కథకొస్తే, డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. చివరికి ఫోనుకి కేబుల్ తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాడు. డ్రైవర్ కంపైల్ అయింది. అప్పుడు సెక్యూర్ బూట్ అడ్డం పడింది: డ్రైవర్ మాడ్యూల్ మీద సంతకం లేదట. గెజిటెడ్ సంతకాల దేశంలో పుట్టినవాడికి ఇదో లెక్కా, కీ తయారుచేసి నమోదు చేయించాడు. వైఫై వచ్చింది. కెర్నెల్ అప్‌డేట్ అవగానే పోయింది. డీకేఎంఎస్ పెట్టుకుని ఉంటే కొత్త కెర్నెల్‌కి డ్రైవర్ తనంతట తనే కంపైల్ అయ్యేది.

"కార్డే మార్పించు" అన్నాడు మేనమామ. కొన్ని లాప్‌టాప్‌ల బయోస్ తన జాబితాలో లేని కార్డు కనబడితే బూట్ కూడా కానివ్వదు. కొన్నింట్లో కార్డును బోర్డుకే అతికించేస్తారు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీలో లాప్‌టాప్ కొనేటప్పుడు బ్యాగు ఫ్రీయా, మౌస్ ఫ్రీయా అని అరగంట బేరమాడతాం. వైఫై కార్డు ఎవరిదని అడగం. లైనక్స్ వాడే ఉద్దేశం ఉంటే జేబులో లైవ్ పెన్‌డ్రైవ్ వేసుకెళ్లండి. డబ్బు కట్టకముందే దాంతో బూట్ చేయించి వైఫై కలిపి చూడండి. షాపువాడు కుదరదంటే పక్క షాపుకి నడవండి.