తోక దొరికిన పద్యానికి టీక

మూలము (తేటగీతి)

కోతి కొమ్మపై నెగిరెను, కొమ్మ యూగె;
మీట నొక్కితి నంతలో మింట లేదు;
పండు చూపితి నది వచ్చి బ్యాగు దోచె;
తోక యొక్కటి పటములో దొరకె నాకు.

అవతారిక

నల్లమలలో మన్ననూరు దాటి శ్రీశైలం పోయే దారిలో కారాపి, పిల్లకోతుల ఆటను ఫోటో తీయబోయిన ఒక అజ్ఞాత కవి ఆర్తితో చెప్పిన పద్యమిది. కవి కాలనిర్ణయం కష్టం కాదు. ‘బ్యాగు’ ప్రయోగం వల్ల ఆధునికుడని తేలుతోంది. ‘మీట’ అన్నాడు గనుక ఫోనుతో సరిపెట్టుకోక, కెమెరాకు అప్పు చేసినవాడని ఊహించవచ్చు.

ప్రతిపదార్థము

కోతి = వానరము; కొమ్మపైన్ = ఒకానొక కొమ్మ మీదికి; ఎగిరెను = దూకెను; కొమ్మ = ఆ కొమ్మయే; ఊగె = కదలెను (ఫోకసు చెడెనని భావము); మీటన్ = షట్టరు బటనును; నొక్కితిన్ = నొక్కినాను; అంతలో = ఆ నొక్కులోపలనే; మింటన్ = ఆకాశమందు; లేదు = (కోతి) లేదు; పండు = అరటిపండును; చూపితిన్ = ఆశ చూపితిని; అది = ఆ కోతి; వచ్చి = పిలిచినదానికంటె దగ్గరగా వచ్చి; బ్యాగు = లెన్సులుంచుకొను సంచిని; దోచె = హరించెను; తోక ఒక్కటి = తోక మాత్రమే; పటములో = ఫోటోలో; నాకు = ఇంత ఖర్చు పెట్టిన నాకు; దొరకె = లభించెను.

తాత్పర్యము

బ్యాగు పోయినవారికి స్పష్టము. తక్కినవారికి పోయినప్పుడు తెలియును.

పాఠవిచారము

‘చూపితి నది వచ్చి’ అన్నచోట ఒక వ్యాఖ్యాత ‘నది’ అని విడదీసి, కృష్ణకు వరద వచ్చి బ్యాగు కొట్టుకుపోయిందని అర్థం చెప్పాడు. ఇది చింత్యం. నది ముంచుతుంది గానీ దోచదు. అయినా ఇంటికి వెళ్లి చెప్పుకోవడానికి ఈ పాఠమే గౌరవంగా ఉందని కొందరు ఫోటోగ్రాఫర్లు దీన్నే ఆదరిస్తున్నారు.

నాయకనిర్ణయము

ఏ కోతి? కొండముచ్చు అని కొందరు. నల్లమొహం, పొడుగు తోక దానికి ఉన్నాయి గానీ, అది ప్రధానంగా ఆకులు తినే జీవి, దానికి బుగ్గసంచులు లేవు. దొరికింది గబగబా బుగ్గలో కుక్కుకుని పారిపోయే సౌకర్యం కోతి జాతిదే. ఇక ఉత్తరాది ఎర్రమొహం కోతి, అంటే రీసస్, గోదావరి దాటి దక్షిణానికి వ్యాపిస్తున్న మాట నిజమే. కానీ దాని తోక పొట్టిది. ఒళ్లంతా ఫ్రేము దాటిపోయాక కూడా పటంలో తోక మిగిలిందంటే అది ఒంటికి దీటైన పొడవుదై ఉండాలి. కనుక నడినెత్తిన జుట్టు టోపీలా పరుచుకున్న మన దక్షిణాది కోతే నాయకుడు. తోకను బట్టి కోతిని ఊహించడం అనుమాన ప్రమాణం. తోక తప్ప మరేమీ దొరకనివాడికి వేరే ప్రమాణం లేదు.

మీటవిచారము

షట్టరు 1/1000 సెకనుకు పెట్టినా కోతి ఎందుకు చిక్కలేదని ఆక్షేపణ. దానికి సమాధానం: జాప్యం కెమెరాలో లేదు. కన్ను చూడాలి, బుద్ధి చెప్పాలి, వేలు కదలాలి. ఇంతలో సుమారు పావు సెకను పోతుంది. ఎగరడం చూసి నొక్కినవాడికి ఆకాశమే మిగులుతుంది. తెలిసినవారు ఎగిరిన కోతి వెంట లెన్సు తిప్పరు. పిల్లకోతులు తరుముకునేటప్పుడు ముందుది దూకిన కొమ్మకే వెనకదీ తరచుగా దూకుతుంది. అందుకని మొదటిదాన్ని పోనిచ్చి, అది దిగిన చోట ఫోకసు నిలుపుతారు. రెండోది వెనక కాళ్లు ముడిచి, నడుము వంచి, దిగబోయే చోటికి చూపు నిలిపిన క్షణంలోనే మీట నొక్కిపట్టి వరసగా ఫ్రేములు తీస్తారు. కోతికొమ్మచ్చిలో కింద నిలబడ్డ దొంగకు పనికొచ్చే కిటుకే ఇది.

దంతవిచారము

కవి చెప్పకున్నా చెప్పవలసిన మాట ఒకటుంది. పళ్లన్నీ బయటపెట్టిన కోతిని తీసి ‘నవ్వుతున్న కోతి’ అని పేరు పెట్టే సంప్రదాయం లోకంలో ఉంది. అది నవ్వు కాదు, భయం, లొంగుబాటు. ఆటలో ఉన్న కోతి నోరు వదులుగా తెరుస్తుంది, పళ్లు అంతగా కనబడవు. అలాగే తేరిపార చూడటం కోతుల్లో బెదిరింపు. అరచేతి వెడల్పు లెన్సును గురిపెట్టినవాడు వాటికి రెప్ప వేయని పెద్ద కన్నుగా కనబడితే ఆశ్చర్యమేముంది?

కర్తృత్వవిచారము

కోతే మీట నొక్కితే పటం ఎవరిది? ఇండోనేషియాలోని సులవేసి అడవిలో ఒక నల్లకోతి ఫోటోగ్రాఫర్ డేవిడ్ స్లేటర్ కెమెరాతో తీసుకున్న సెల్ఫీని 2011లో లోకమంతా చూసింది. జంతువు చేసిన కృతికి కాపీరైటు నమోదు చేయబోమని 2014లో అమెరికా కాపీరైటు కార్యాలయం ప్రకటించింది. కోతి పక్షాన వేసిన దావా నిలవదని 2018లో అక్కడి అప్పీలు కోర్టు తేల్చింది. ఆ జాతి కోతికి తోక ఉందో లేదో అన్నంత చిన్నది గనుక ఆ తీర్పు మన పద్యానికి వర్తించదు.

అలంకారము

స్వభావోక్తి. పశుపక్ష్యాదుల చేష్టను ఉన్నదున్నట్టు చెప్పడం దాని లక్షణం. మొదటి రెండు పాదాల్లో అది చక్కగా ఉంది. మూడో పాదంలో పండు కనబడగానే చెడింది. ఎలాగంటే, ఆట అనేది కడుపు నిండి, భయం లేనప్పుడు పుట్టేది. పెద్దకోతులు నీడన కూర్చుని పేలు చూసుకునే వేళ పిల్లలు ఒకదాని తోక ఒకటి లాగి, కొమ్మకు వేలాడి, కిందపడి, మళ్లీ ఎక్కుతాయి. అప్పుడు పండు తీస్తే ముందుగా వచ్చేది పిల్ల కాదు, గుంపులో బలమైన మగకోతి. పిల్లలు తల్లి పొట్టకు కరుచుకుంటాయి. ఆట ఆగిపోతుంది, కొట్లాట మొదలవుతుంది. ఆ తరువాత తీసిన ప్రతి పటమూ అడుక్కోవడానిదే, ఆటది కాదు. పైగా పండుకు అలవాటుపడ్డ గుంపు రోడ్డు వదలదు, చివరికి ఏదో ఒక పిల్ల చక్రాల కింద పడుతుంది. కనుక మూడో పాదం కావ్యదోషమే కాదు, పాపం కూడా.

ఫలశ్రుతి

ఈ పద్యార్థం తెలిసి, పండు ఇంట్లోనే తిని బయల్దేరి, దూరంగా కూర్చుని, తన ఉనికిని కోతులు మరిచేదాకా ఓపిక పట్టినవారికి ఆట దక్కును. బ్యాగు జిప్పు వేసినవారికి బ్యాగు దక్కును. పండు తెచ్చినవారికి ఫలశ్రుతి చెప్పబడలేదు. వారి ఫలం అప్పటికే కోతి బుగ్గలో ఉండును.