‘రాత్రి యాకలేసి’ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

రాత్రి యాకలేసి రమణులు నలుగురు
వంటయింట జేరి వాదులాడి
తీపి ముక్క తినుచు తిట్టుకొందురు గాని
కడకు నవ్వి లేచి కలసి పోరె

అవతారిక

ఈ ఆటవెలది కర్త ఎవరో తెలియదు. దస్తూరి మాత్రం వ్యాఖ్యాత్రిదే. రిటైరైన తెలుగు టీచరు అమెరికాలో కూతురింట ఆరు నెలలుండి, నిద్రపట్టని రాత్రుల్లో హులూలో ‘ది గోల్డెన్ గర్ల్స్’ అనే దృశ్యకావ్యం చూస్తే ఇలాంటివే పుడతాయి. ఆ కావ్యం 1985 సెప్టెంబరు 14న ఎన్‌బీసీ ఛానెల్లో మొదలై 1992 మే 9న ముగిసింది. కాండలు ఏడు, సర్గలు 180. సృష్టికర్త సూసన్ హారిస్. ఇన్నేళ్లూ ఎందుకు చూడలేదని అడగవచ్చు. ఆ సెప్టెంబరులో మనకున్నది దూరదర్శన్ ఒక్కటే, అందులో ‘హమ్ లోగ్’ నడుస్తోంది. అప్పుడు చూసినా ప్రయోజనం ఉండేది కాదు. ఇరవైల్లో ఉన్న పిల్లకు అందులోని ఆడవాళ్లు ముసలమ్మల్లా కనబడేవాళ్లు. “అమ్మా, అది పాత ముసలమ్మల సీరియల్” అని మా అమ్మాయి ఇప్పుడూ అంటుంది. “నా ఈడు వాళ్లేనే” అంటే జవాబు లేదు.

మూలంలో లేనిది రాయనని మెదక్ సీమ కొల్చారం వాడైన వ్యాఖ్యాత మల్లినాథ సూరి ఒట్టు పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాత్రి అటువంటి ఒట్లకు దూరం.

ప్రతిపదార్థం

రాత్రి = మయామీ నగరాన, రిచ్‌మండ్ వీధి 6151 నంబరింట, అందరూ పడుకోవలసిన వేళ; ఆకలేసి = ఆకలి లేకున్నా వేసిందనుకొని; రమణులు నలుగురు = డొరతీ, రోజ్, బ్లాంచ్, సోఫియా అను స్త్రీలు; వంటయింట జేరి = పిలుపు లేకుండానే ఒకరి వెనక ఒకరు వచ్చి; వాదులాడి = మగవాళ్ల గురించి, పిల్లల గురించి, ఎవరి గురించీ కాకుండా కూడా; తీపి ముక్క తినుచు = చీజ్‌కేక్ కోసుకుని తింటూ; తిట్టుకొందురు గాని = తిట్టుకుంటారు, నిజమే, అయినా; కడకు = తీపి అయిపోయాక; నవ్వి లేచి కలసి పోరె = నవ్వుకుంటూ లేచి, కలిసిపోరా ఏమి?

టీక

‘ఆకలేసి’ గ్రామ్యమని పండితులు ముఖం చిట్లిస్తారు. అర్ధరాత్రి వేసే ఆకలి గ్రామ్యంగానే వేస్తుంది. ‘రమణులు’ అనే మాట కవులు పదహారేళ్ల వాళ్లకు దాచిపెట్టుకుంటారు. ఇక్కడ ముగ్గురు యాభై దాటినవాళ్లు, ఒకామె ఎనభైల్లో ఉన్నది. ఆ మాటకు సంతోషించేది బ్లాంచ్ ఒక్కతే, అదీ నలుగురికీ కలిపి వాడినందుకు కాస్త నొచ్చుకుంటూ.

ఇక ‘నలుగురు’. డొరతీ బ్రూక్లిన్ మనిషి. సెలవు పెట్టిన టీచర్ల బదులు పాఠాలు చెప్పే ఉద్యోగం. ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురం తర్వాత మొగుడు స్టాన్ ఒక ఎయిర్ హోస్టెస్ కోసం వదిలేసి పోయాడు. రోజ్ మినెసోటాలోని సెయింట్ ఓలాఫ్ అనే కల్పిత గ్రామం నుంచి వచ్చింది. ఆ ఊరి కథలు మొదలెడితే వినేవాళ్లు ప్రాణం విసిగి పోతారు. బ్లాంచ్ దక్షిణాది జమీందారీ బిడ్డ, ఇల్లు ఆమెది. సోఫియా డొరతీకి కన్నతల్లి, సిసిలీలో పుట్టింది. వృద్ధాశ్రమం తగలబడితే మొదటి సర్గలోనే కూతురి పంచన చేరింది. పక్షవాతం వచ్చి, మాటను నోటి దాకా రానివ్వకుండా ఆపే మెదడు భాగమేదో దెబ్బతిన్నదట. దానితో సూసన్ హారిస్ పని సులువైంది.

ఈ నలుగురూ స్నేహితులై ఒక ఇంట్లో చేరలేదు. బ్లాంచ్ సూపర్‌మార్కెట్ బోర్డు మీద అద్దెకు గదులున్నాయని చీటీ అంటిస్తే డొరతీ, రోజ్ వచ్చారు. అంటే ముందు అద్దె, తర్వాత స్నేహం. కొడుకు ఇంట్లో ఓ మూల గదీ, కూతురి ఇంట్లో ఆర్నెల్ల మజిలీ తప్ప మూడో దారి కథల్లోనైనా ఎరగని మనకు ఈ చీటీ భగీరథ ప్రయత్నమంత పెద్దది.

మన కావ్యాల్లో స్త్రీలకు స్నేహితులు లేరా? ఉన్నారు, చెలికత్తెలని పేరు. అనసూయా ప్రియంవదలు శకుంతలను అత్తవారింటికి సాగనంపి నాలుగో అంకంతో మాయమవుతారు. తర్వాత ఆ పిల్లలు ఏమయ్యారని దుష్యంతుడే కాదు, శకుంతల కూడా అడగదు. ఉష కలలోకి వచ్చినవాడెవడో తేల్చడానికి చిత్రలేఖ లోకంలోని రాకుమారుల బొమ్మలన్నీ గీసింది; ద్వారక దాకా వెళ్లి అనిరుద్ధుణ్ణి నిద్రలోనే ఎత్తుకొచ్చింది. అంత పని చేసిన పిల్లకు ఆకలేసిందా అని ఏ కవీ అడగలేదు. గోల్డెన్ గర్ల్స్‌లో నలుగురూ నాయికలే. చెలికత్తె ఉద్యోగం వంతులవారీగా చేస్తారు. ఇవాళ కబురు మోసినామెకు రేపు ఇంకొకరు మోస్తారు, మోసినందుకు నాలుగు మాటలూ అంటారు.

అలంకారం

నిందాస్తుతి. తిట్టినట్టుండి పొగడటం దాని లక్షణం. కవులు దాన్ని దేవుళ్ల మీదే ఎక్కువ ఖర్చు పెట్టారు. డొరతీ పొడుగు మీద, రోజ్ తెలివి మీద, బ్లాంచ్ రాత్రుల మీద, సోఫియా వయసు మీద 180 సర్గల పాటు దెప్పుళ్లు కురుస్తాయి. దెప్పాలంటే ఎదుటి మనిషిని దగ్గరగా, రోజూ, శ్రద్ధగా చూసి ఉండాలి. ‘నువ్వంటే నాకు ప్రాణం’ అనడానికి అంత శ్రద్ధ అక్కర్లేదు.

ఈ అలంకారం ఆగిన చోట్లు వ్యాఖ్యాత్రికి మరీ ఇష్టం. అయిదో కాండ మొదట్లో డొరతీకి నీరసం పట్టుకుంటుంది. డాక్టరు తర్వాత డాక్టరు ‘మీకేమీ లేదు, వయసు’ అని తోసేస్తారు. చివరికి జబ్బు పేరు తేలాక, హోటల్లో భోంచేస్తున్న ఒక డాక్టరును పట్టుకుని, నా మాట ఎందుకు వినలేదని నిలదీస్తుంది. సూసన్ హారిస్ తాను పడ్డ బాధనే అందులో పెట్టింది. 1990లో వచ్చిన మరో సర్గలో, పాత ఆపరేషన్లో ఎక్కించిన రక్తం వల్ల ఎయిడ్స్ సోకిందేమోనని రోజ్ మూడు రోజులు పరీక్ష ఫలితం కోసం కాచుకుంటుంది. నాలాంటి మంచిదానికా ఇది అని ఆమె ఏడిస్తే, అది చెడ్డవాళ్లకు వచ్చే జబ్బు కాదని బ్లాంచ్ కసురుతుంది. ఈ ఇంట్లో దెప్పుళ్లు ఆగితే ఏదో ముంచుకొచ్చిందని అర్థం.

పాఠాంతరం

బ్లాంచ్ వేషానికి మొదట బెట్టీ వైట్‌ను, రోజ్ వేషానికి రూ మెక్‌లానహన్‌ను అనుకున్నారు. అంతకు ముందు వేర్వేరు సీరియళ్లలో వాళ్లు వేసినవి అలాంటి వేషాలే. తొలి సర్గ దర్శకుడు జే సాండ్రిచ్ తారుమారు చేయమన్నాడు. ఈ పాఠమే గ్రాహ్యం.

తల్లి వేసిన ఎస్టెల్ గెట్టీ కూతురు వేసిన బియా ఆర్థర్ కంటే ఏడాది చిన్నది. దీన్ని కాలవిరోధ దోషమనరాదు, మేకప్ మహిమ అనాలి. బియా ఆర్థర్‌కు అసలు చీజ్‌కేక్ గిట్టదని ప్రతీతి. గిట్టని తీపిని ఏడేళ్లు నవ్వుతూ తిన్న మనిషిని రససిద్ధురాలు కాదని ఎవరంటారు?

ప్రక్షిప్తం

మొదటి సర్గలో కోకో అనే వంటవాడున్నాడు. రెండో సర్గకు లేడు. తాళపత్రం చెద తినలేదు. సోఫియా అందరికీ తెగ నచ్చడంతో ఆమెను ఇంట్లోనే ఉంచి వంటవాణ్ణి తీసేశారు. సరైన పరిష్కరణ. వంటింట్లో వంటవాడుంటే రాత్రిపూట రమణులకు చోటేదీ?

ఏడో కాండ చివర డొరతీ బ్లాంచ్ బాబాయిని పెళ్లాడి అట్లాంటా వెళ్లిపోతుంది. గుమ్మం దాటి మళ్లీ పరుగెత్తుకొచ్చి కావలించుకుంటుంది, మళ్లీ పోతుంది, మళ్లీ వస్తుంది. ‘కలసి పోరె’ అన్న కవి ఈ సర్గ చూడక ముందే పద్యం రాసినట్టున్నాడు. మిగిలిన ముగ్గురూ హోటల్ నడిపే ‘ది గోల్డెన్ ప్యాలెస్’ వేరే ఛానెల్లో ఒక్క ఏడాది నడిచింది. ఉత్తరకాండ వాల్మీకిదేనా అన్న రగడ ఇక్కడా ఎత్తవచ్చు. వ్యాఖ్యాత్రి చూడలేదు, చూసే ఉద్దేశమూ లేదు.

తాత్పర్యం

రాత్రి నలుగురు ఆడవాళ్లు వంటింట్లో తీపి తింటూ పోట్లాడుకుని, నవ్వుకుని పడుకున్నారు. ఇంతకు మించి పద్యంలో ఏమీ లేదు. ఇందాకటి నుంచి చెప్పిందంతా టీక.

శంక

నలుగురు రమణులకు ఆ వంటింటి బల్ల చుట్టూ మూడే కుర్చీలేమిటి? ఇది న్యూనపద దోషం కాదా?

సమాధానం

నాలుగో కుర్చీ వేస్తే అందులో కూర్చున్నామె వీపు కెమెరాకు వస్తుంది. అందుకని నలుగురూ ఉన్నప్పుడు ఒకామె ఎత్తు స్టూలు మీద కూర్చోవడమో, నిలబడడమో చేస్తుంది. ఆ ఒకామె ఎప్పుడూ ఒక్కతే కాదు, మారుతూ ఉంటుంది. ఇది చాలదు, దోషం దోషమేనని పట్టుబట్టే పండితులు, తమ ఇంట్లో భోజనాల వేళ వడ్డించే మనిషికి ఏ కుర్చీ వేశారో ముందు చెప్పవలసి ఉంటుంది.