గుమ్మఘట్ట నుంచి వెళ్లిన దరఖాస్తును

నేను సమాచార హక్కు దరఖాస్తును. గుమ్మఘట్టలో ఒక మాస్టారు నన్ను తెల్లకాగితం మీద నీలిసిరాతో రాసి, పది రూపాయల పోస్టల్ ఆర్డర్‌ను గుండుసూదితో గుచ్చారు. పోస్టాఫీసులో పక్కనున్నాయన నన్ను చదివి, "ఇదంతా మనకు యాల సార్? భైరవానితిప్ప ప్రాజెక్టుకు నీళ్లెప్పుడొస్తాయో అడగండి" అన్నాడు. "అదీ అడుగుదాం, ఇదీ అడుగుదాం. రెండూ మన సర్కారు పనులే కదప్పా" అన్నారు మాస్టారు.

నేను అడిగింది ఒక్కటే. 2024-25లో ఏ దేశానికి ఏ ఆయుధాలు అమ్మడానికి అనుమతులిచ్చారు? ఎగుమతులు 23,622 కోట్ల రూపాయలనీ, అనుమతులు 1,762 అనీ ప్రభుత్వమే గొప్పగా ప్రకటించింది. ఏ దేశానికి ఎన్నో మాత్రం చెప్పలేదు. హైదరాబాద్‌లో తయారైన హెర్మిస్ డ్రోన్లు ఇజ్రాయెల్ చేరాయని 2024లో వార్తలొచ్చాయి. ఆ దేశానికి ఆయుధాల ఎగుమతి ఆపాలన్న పిటిషన్‌ను అదే ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది, విదేశాంగ విధానం ప్రభుత్వం చూసుకోవాల్సిందని. మరి ప్రభుత్వాన్ని నిలదీయాల్సింది పార్లమెంటే. అక్కడ సభ్యులు అడిగినా, వ్యూహాత్మక కారణాల వల్ల దేశాల పేర్లు చెప్పలేమన్న జవాబే వచ్చిన సందర్భాలున్నాయి.

నా పుట్టుక మీద నాకు గర్వముంది. నాకు ప్రాణం పోసిన చట్టం 2005 అక్టోబరు 12న అమల్లోకొచ్చింది. మరుసటి ఫిబ్రవరిలో ఉపాధి హామీ పథకం గుమ్మఘట్ట ఉన్న అనంతపురం జిల్లాలోనే, బండ్లపల్లిలో మొదలైంది. సామాజిక తనిఖీ గ్రామసభలో కూలీల హాజరు మస్టరు చదువుతుంటే, పనిలోకే రాకపోయిన మనిషి పేరు వినబడగానే జనం లేచి అడుగుతారు. ఒక కూలీ పనిదినాన్ని నలుగురిలో చదివే దేశం, క్షిపణి ఎవరికి అమ్మిందో తన పార్లమెంటుకు చెప్పలేదా?

నేను చేరిన కార్యాలయం మాస్టారికి రెండు వాక్యాల జవాబు పంపింది. దేశ భద్రత, వ్యూహాత్మక ప్రయోజనాల పేరుతో సెక్షన్ 8(1)(ఎ) కింద ఇవ్వలేమట. ప్రజాప్రయోజనం పెద్దదైతే ఇవ్వవచ్చన్న 8(2) ఊసే లేదు. ఆయుధం ఎలా పనిచేస్తుందని నేను అడగలేదే! నా నెత్తిన ఒక నంబరు వేసి, దారంతో కట్టి బీరువా మీదికి విసిరేశారు. అప్పటినుంచి దుమ్ములోనే ఉన్నాను. గుండుసూది తుప్పు పోస్టల్ ఆర్డర్‌లోకి దిగి, పది అంకె మీద గోధుమరంగు మరకైంది. నన్ను చివరిదాకా చదివినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా అన్నదే నా బాధ.

బ్రిటన్ ప్రభుత్వం ఏ దేశానికి ఏ అనుమతులిచ్చిందో మూడు నెలలకోసారి ప్రచురిస్తుంది. మన పార్లమెంటు రక్షణ స్థాయీసంఘం ముందూ ఏటా అలాంటి నివేదిక పెట్టాలి. నిజంగా దాచాల్సినది ఉంటే సంఘం తలుపులు మూసుకుని చూస్తుంది. మిగతాది జనానికి చెప్పాలి. మన పేరుతో అమ్మిన ఆయుధం ఎవరి మీద పేలుతుందో అడిగే హక్కు గుమ్మఘట్టకూ ఉంది.