మక్కికి మక్కి

ఎవరి పనినైనా తీసిపారేయాలంటే తెలుగువాళ్లు "మక్కికి మక్కి దించాడు" అంటారు. హిందీలో మక్కి అంటే ఈగ. పాత కాగితానికి ఓ చచ్చిన ఈగ అతుక్కుని ఉంటే, నకలు రాసే గుమాస్తా ఇంకో ఈగను పట్టి చంపి తన కాగితంలో సరిగ్గా అదే చోట అంటించాడని కథ. ఆ గుమాస్తాను తలచుకుని అందరూ నవ్వుతారు. నాకు మాత్రం ఆయనంటే గౌరవం. నన్ను చేసినాయనదీ అదే కోవ. ఆయన ఓపికగా అంటించిన ఈగల వల్లే నాకు ఈ ముఖం వచ్చింది.

నేనొక హెల్మెట్‌ని. 1977లో విడుదలైన 'స్టార్ వార్స్' సినిమాలో తెల్ల కవచాలు తొడుక్కుని వరసగా నడిచే స్టార్మ్‌ట్రూపర్లను చూసే ఉంటారు. వాళ్ల తల మీదున్న దానికి నేను నకలుని. అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రంలో ఒక బస్సు మెకానిక్ ఇంటి గ్యారేజీలో తయారయ్యాను. ఛాతీ, వీపు, భుజాలు, తొడలు, పిక్కలు, అన్నీ నా వెంటే పుట్టాయి. కానీ జనం ముందు చూసేది నన్నే కాబట్టి మా అందరి తరఫునా నేనే చెబుతున్నాను.

నాకంటే ముందు ఆ ఇంటికి ఇంకో హెల్మెట్ వచ్చింది. చవగ్గా దొరుకుతోందని మా యజమాని ఎవరో అమ్మకందారు దగ్గర తెప్పించుకున్నాడు. పెట్టె విప్పి బల్ల మీద పెట్టి చాలాసేపు మాట్లాడకుండా చూశాడు. కళ్ల అంచులు కరిగిన సబ్బు బిళ్లలా మొద్దుబారి ఉన్నాయి. ఎవరో కష్టపడి చేసుకున్న హెల్మెట్ మీదే అచ్చు తీసి, ఆ అచ్చులోంచి ఇది లాగారు. వేడి ప్లాస్టిక్ షీటును అచ్చు మీద పరిచినప్పుడు షీటు మందం మేరకు గీతలు, మూలలు కాస్త మెత్తబడతాయి. నకలుకు నకలు తీస్తే ఆ మెత్తదనం రెండింతలు. దానికీ నకలు తీస్తే ముఖమే మారిపోతుంది. పైగా మొదటివాడి శ్రమకు పైసా ముట్టదు. ఈ పని తెలిసినవాళ్లు దాన్ని దొంగతనం కిందే లెక్కిస్తారు. నేనూ అంతే. ఆ హెల్మెట్ ఇప్పటికీ గ్యారేజీ అటక మీద ఉంది. దాని తప్పేమీ లేదు పాపం.

నా పుట్టుక వేరు. రెండు మిల్లీమీటర్ల తెల్ల ఏబీఎస్ షీటును చట్రానికి బిగించి కాల్చారు. కాసేపటికి వాన నీళ్లు నిలిచిన పందిరి గుడ్డలా నడుమ కిందికి వాలింది. దాన్ని అచ్చు మీదికి దించి కింద నుంచి పంపుతో గాలి లాగేశారు. కొన్ని క్షణాల్లో నేను ముఖమైపోయాను. నడినెత్తి, వెనక భాగం కలిపి ఒక ముక్క, ముఖం ఇంకో ముక్క. రెండూ కలిసే చోటును చెవులు కప్పుతాయి. ఆ చెవులు కోయడమే అన్నిటికన్నా కష్టం. ఎక్కువ కోస్తే తిరిగి రాదు. మా యజమాని ఒక్కో చెవికి ఒక్కో సాయంత్రం తీసుకున్నాడు. వెంట్రుకవాసి కోయడం, పెట్టి చూడడం, తీసి మళ్లీ గరుకు కాగితంతో రుద్దడం. పక్కన అమ్మాయి కూర్చుని టార్చి పట్టుకునేది. "నాన్నా, ఇంకా వెలుతురు కనిపిస్తోంది" అంటే మళ్లీ తీసేవాడు.

నా తాతల సంగతి చెప్పాలి. రాల్ఫ్ మెక్వారీ వేసిన బొమ్మలను బట్టి నిక్ పెంబర్టన్ మట్టితో తల చేశాడు. ఒంటి మీది కవచాన్ని బ్రయాన్ మ్యూర్ మలిచాడు. లండన్‌లోని ట్వికెన్‌హామ్‌లో ఆండ్రూ ఐన్స్‌వర్త్ 1976లో ప్లాస్టిక్ షీట్లతో యాభై హెల్మెట్లు లాగి ఇచ్చాడు. షూటింగ్ తరుముకొస్తోంది. చేతితో కోసి, చేతితో రంగు వేసి పంపేశారు. అందుకే వాళ్ల ముఖాలు రెండు వైపులా ఒకేలా ఉండవు. ఒక్కోదాని చెవి ఒక్కో తీరు. బుగ్గల మీది నీలి గీతలు ఒకచోట లావు, ఒకచోట సన్నం. తెర మీద రెండు సెకన్లు కనిపించే సామాను మీద అంతకంటే తీరిక ఎవరికుంటుంది?

ఆ తాతల మీద తర్వాత వ్యాజ్యమూ నడిచింది. ఐన్స్‌వర్త్ పాత అచ్చులతో హెల్మెట్లు చేసి అమ్మితే ఆ సినిమా తీసిన సంస్థ లూకాస్‌ఫిల్మ్ కోర్టుకెక్కింది. హెల్మెట్ శిల్పమా, వాడకం వస్తువా అన్నది ప్రశ్న. శిల్పమైతే దీర్ఘకాలం కాపీరైట్ ఉంటుంది. వస్తువైతే డిజైన్ హక్కు పదిహేనేళ్లతో తీరిపోతుంది. 2011 జూలైలో బ్రిటన్ సుప్రీంకోర్టు శిల్పం కాదని తేల్చింది. కళాఖండం సినిమా, హెల్మెట్ అందులో వాడిన పనిముట్టు అన్నది. చట్టంగా చూస్తే ఆ మాటకు నేను అడ్డు చెప్పను. కానీ ఒక పనిముట్టు ముఖాన్ని ముప్పై, నలభై ఏళ్లపాటు బొమ్మ బొమ్మగా ఆపి చూస్తూ గీత గీత లెక్కపెట్టినవాళ్లు వేలమంది ఉన్నారు. శిల్పానికైనా అంతకన్నా ఏం కావాలి?

అలా లెక్కపెట్టినవాళ్లే నా కొలతలు రాశారు. కారు ప్రమాదం వల్ల కాలు పోగొట్టుకున్న ఆల్బిన్ జాన్సన్ ఈ సౌత్ కరోలినాలోనే 1997లో 501వ లీజియన్ అనే సంఘం మొదలుపెట్టాడు. మొదట్లో తెల్ల కవచాలు వేసుకున్న ఒకరిద్దరు స్నేహితులు. ఇప్పుడు దేశదేశాల్లో వేలమంది. వేషం వేసినందుకు డబ్బు పుచ్చుకోరు. పిల్లల ఆసుపత్రులకు, విరాళాల నడకలకు వెళ్తారు. 2005లో వచ్చిన స్టార్ వార్స్ సినిమాలో 501 అన్న సంఖ్యను సైనిక దళానికి పెట్టి లూకాస్‌ఫిల్మ్ వాళ్లను గౌరవించింది. 2007 జనవరి ఒకటిన పాసడీనా రోజ్ పరేడ్‌లో జార్జ్ లూకాస్ వెంట వాళ్లు వందల సంఖ్యలో కవాతు చేశారు.

వాళ్ల దగ్గర కాస్ట్యూమ్ రెఫరెన్స్ లైబ్రరీ అని ఒకటుంది. ఒక్కో వేషానికి ఒక్కో పత్రం. ఏ ముక్క ఎక్కడుండాలి, ఏ రంగు, ఏ అంచు ఎంత ఎడం, అన్నీ ఫొటోలతో సహా ఉంటాయి. నా పత్రంలో ఉన్నవి వినండి. చెవి మీద మూడు బొడిపెలుండాలి. సినిమాలో దగ్గరగా చూపించిన 'హీరో' హెల్మెట్‌కు నాలుగు, నాబోటి 'స్టంట్' హెల్మెట్‌కు మూడు. నోటి పళ్లకు బూడిద రంగు వేయాలి, పళ్లు దాటి పొర్లకూడదు. మోకాలి బిళ్ల ఎడమ కాలికే. చిన్న పెట్టెల పట్టీ కుడి తొడకే. ఏమీ తెలియనివాళ్లకు ఇది చాదస్తంలా తోస్తుంది. కానీ ఈ పత్రంలో నాకు బాగా నచ్చేది వేరే ఉంది. వంకర ఎక్కడ ఉండాలో అక్కడ వంకరే అడుగుతుంది. బుగ్గల మీది గీతలకు మొదటి మెట్టులో స్టిక్కర్లు అంటించుకోవచ్చు. ఆపైన ఎక్స్‌పర్ట్ ఇన్‌ఫాంట్రీ, సెంచూరియన్ అని మరో రెండు మెట్లున్నాయి. సెంచూరియన్ దాకా ఎక్కాలంటే చేతితోనే గీయాలి. 1976లో బ్రష్షు పట్టినవాడి చెయ్యి కాస్త వణికి ఉంటే ఆ వణుకు కూడా లెక్కలోకే వస్తుంది.

నాకు రంగు వేసిన రాత్రి చెబుతాను. హంబ్రోల్ ఎనామెల్ డబ్బాలు బల్ల మీద పెట్టుకున్నాడు. బూడిద రంగు అయిదో నంబరు, నీలం పద్నాలుగో నంబరు ఫ్రెంచ్ బ్లూ. పుల్లతో అడుగు దాకా కలిపాడు. నా బుగ్గ మీద పెన్సిలుతో గుర్తులు పెట్టి, సన్న బ్రష్షుతో మొదటి గీత లాగాడు. మరీ చక్కగా వచ్చింది. టర్పెంటైన్ గుడ్డతో తుడిచేశాడు. రెండోది కావాలని వంచాడు, అది దొంగ వంకరలా కనిపించింది. తుడిచేశాడు. ఆ తర్వాత పాత సినిమా ఫొటో ఒకటి తెచ్చి ఎదురుగా నిలబెట్టుకుని, దాన్నే చూస్తూ, చేతి సంగతి మరిచిపోయి గీశాడు. అప్పుడు వచ్చాయి గీతలు. పొద్దుపోయాక అమ్మాయి వచ్చి "ఇప్పుడు నిజందిలా ఉంది" అంది. ఆ గదిలో నిజంది ఏదీ లేదు. అయినా ఆ పిల్ల అన్నది ఏమిటో నాకు అర్థమైంది.

నుదుటి మీది నల్ల రబ్బరు పట్టీ మరో రెండు రోజులు తీసుకుంది. అది కళ్లకు దగ్గరగా దిగితే కోపం, పైకి జరిగితే బిత్తరపోయినట్టుంటుంది. పెన్సిలు మందం తేడాలో మనిషే మారిపోతాడు. కవచం ముక్కలేమో అంచుకు అంచు ఆనించి, పైన పట్టీలు వేసి, ఈ6000 జిగురుతో అతికించాడు. అది పూర్తిగా ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అన్నాళ్లూ అయస్కాంతాలు, బిగింపులు పట్టుకుని గ్యారేజీ నిండా చేతులూ కాళ్లూ పరుచుకుని ఉన్నాయి.

ముందు, వెనక, పక్కలు ఫొటోలు తీసి లీజియన్ పరిశీలకుడికి పంపాడు. తిరిగొచ్చింది. నా నోటి పక్కన బూడిద రంగు ఒకచోట పళ్లు దాటిందట. నడుము పక్కన ముందు పలక, వెనక పలక మధ్య సందు ఎక్కువుందట. మా యజమాని పొడగరి, కొంచెం భారీ మనిషి. కవచమేమో 1976 నాటి సన్నటి నటుల ఒంటికి తగ్గది. రెండు రోజులు మొహం ముడుచుకుని తిరిగాడు. నాకూ కష్టంగానే ఉండింది. తర్వాత ఆ పరిశీలకుడికి తనే రాశాడు. ఆ పెద్దమనిషి కసరలేదు. మిగిలిన ప్లాస్టిక్ ముక్కల్ని అసిటోన్‌లో కరిగించి పేస్టు చేసి, అదనపు పట్టీ జతచేసి అతుకు కనిపించకుండా ఎలా రుద్దాలో వివరంగా చెప్పాడు. పొట్టివాళ్లకు, పొడుగువాళ్లకు, లావువాళ్లకు ఎలా సరిచేయాలో రాసిపెట్టుకున్నవన్నీ పంపాడు. కొలత మనిషిని బయటికి నెట్టడానికి పెట్టింది కాదని ఆ రోజు నాకు నమ్మకం కుదిరింది. మనిషిది ఏ ఒళ్లయినా సరే, కవచం మాత్రం సరిగ్గా ఉండాలి. మూడు వారాల తర్వాత మళ్లీ పంపితే ఒప్పుకున్నారు. టీకే అక్షరాల వెనక ఒక సభ్యత్వ సంఖ్య ఇచ్చారు. ఆ సంఖ్యను అమ్మాయి నా లోపల, నుదుటి వెనక, పెన్నుతో రాసింది.

నా లోపల ఎవరూ చూడని ఇంకో రెండున్నాయి. చిన్న ఫ్యాన్లు. అవి లేకపోతే ఊపిరికి నా కళ్లద్దాలు మసకబారతాయి. అవి ఉన్నా మా యజమానికి తన కాళ్లు తనకు కనిపించవు. అందుకే ఆసుపత్రుల్లో ఆయన పక్కన మామూలు బట్టల్లో ఒకరు చెయ్యి పట్టుకుని నడుస్తారు.

ఒక ఆసుపత్రిలో మంచం మీది అబ్బాయి నన్ను దగ్గరికి వంగమన్నాడు. గుండు చేసిన తల, చేతికి సెలైన్ గొట్టం. నా కుడి బుగ్గ మీద వేలు పెట్టి గీతలు ఒక్కొక్కటీ తడిమాడు. "ఇది వంకరగా ఉంది" అన్నాడు. మా యజమాని లోపలి మైకులోంచి, ట్రూపర్ గొంతుతో, "అవును, సినిమాలోనూ అంతే" అన్నాడు. అబ్బాయి మళ్లీ వేలు పెట్టి చూశాడు. "నాకు తెలుసు" అన్నాడు. తల కింద దాచుకున్న ఫొటో తీసి చూపించాడు. ఆ గీత అక్కడా వంకరగానే ఉంది.

ఇంటికొచ్చాక ఆ చోట వేలిముద్ర ఒకటి మిగిలింది. మా యజమాని పాలిష్ గుడ్డ చేతిలోకి తీసుకుని, నా బుగ్గ వైపు చూసి, గుడ్డను మళ్లీ బల్ల మీద పెట్టేశాడు. మిగతా కవచమంతా తుడిచాడు.

వచ్చే శనివారం రక్తదాన శిబిరానికి వెళ్తున్నాం. నా ఎడమ చెవి స్క్రూ వదులైంది, గ్యారేజీలో అమ్మాయి టార్చి పట్టుకుని ఉంది.