మాచవరం దుర్భిణి మాట

పల్నాడు మాచవరంలో ఉండే దుర్భిణిని నేను. ఒక పొడవాటి గొట్టం, దాని అడుగున 150 మిల్లీమీటర్ల వెడల్పున్న పుటాకార దర్పణం, గొట్టాన్ని మోసే చెక్కపెట్టె, ఇంతే నా శరీరం. అయినా చీకటికి అలవాటుపడిన కంటిపాప కన్నా 400 రెట్లకు పైగా వెలుతురును పోగుచేస్తాను. మా వంశానికి మూలపురుషుడు జాన్ డాబ్సన్. 1915లో బీజింగ్‌లో పుట్టి, శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ పరమహంస సంప్రదాయానికి చెందిన వేదాంత మఠంలో సన్యాసిగా ఉంటూ, ఓడ కిటికీలకు వాడే గాజును చేత్తో అరగదీసి దర్పణాలు చేశాడు. 1967లో మఠం వదిలాడు. 1968 నుంచి మిత్రులతో కలిసి దుర్భిణిని కాలిబాట మీదే నిలబెట్టి, దారిన పోయేవాళ్లను పిలిచి ఆకాశం చూపించాడు. చూపించి ఊరుకోలేదు, పిలిచిన చోటికల్లా వెళ్లి మాట్లాడాడు. మనవాళ్లు చాలాచోట్ల ఆయన పనిలో మొదటి సగమే పట్టుకున్నారు. దుర్భిణి కొంటే ఖగోళశాస్త్రం ఊరికి వచ్చేసినట్టే అనుకుంటారు. నేను ఒక్కదాన్నే చాలను. నా పక్కన, విషయం తెలిసిన అతిథి నిలబడి మాట్లాడాలి. అదీ పట్నం హాల్లో కాదు, మాచవరంలాంటి ఊళ్లో, ఆకాశం కింద.

ఎందుకంటే నేను చూపించేది చాలా తక్కువ. చంద్రుడి మీద గుంటలు, శనికి వలయం కనిపిస్తే ఎవరికైనా ఆనందమే, వాటికి వ్యాఖ్యానం అంతగా అక్కర్లేదు. ఆండ్రోమెడా గెలాక్సీ అలా కాదు. నాలో చూస్తే అది మసకబారిన తెల్లటి మరక. ఆ మరకలోని వెలుగు 25 లక్షల ఏళ్ల కిందట బయలుదేరిందని, అప్పటికి మనలాంటి మనిషే భూమ్మీద లేడని ఎవరైనా చెబితే తప్ప, వరుసలో నిలబడ్డవాళ్లు నిరాశతోనే పక్కకు తప్పుకుంటారు. ఇంకొన్ని సంగతులు నేను అసలు చూపించలేను. రోహిణి కార్తె ఎండలు పల్నాటి రైతుకు ఒంటి మీద తెలుసు. కానీ ఆ కార్తెలో రాత్రంతా వెతికినా రోహిణి నక్షత్రం దొరకదు. ఆ రోజుల్లో సూర్యుడు ఆ చుక్క దగ్గరే ఉంటాడు గనకనే కార్తెకు ఆ పేరు వచ్చింది. పత్తి గింజ పెట్టేందుకు కార్తెలు లెక్కపెట్టే మనిషికి ఈ ఒక్క ముక్క చెబితే, భూమి సూర్యుడి చుట్టూ తిరగడం పాఠ్యపుస్తకంలోంచి అతని పొలంలోకి వస్తుంది. ఆ పని గాజు చేయదు, మాటే చేయాలి.

మాట పొరపాటు కావచ్చు గదా అంటారు. నిజమే. ఫ్రెంచి తత్వవేత్త ఆగస్ట్ కామ్ట్ 1831 నుంచి ఏళ్ల తరబడి పారిస్ కార్మికులకు ఉచితంగా ఖగోళశాస్త్రం బోధించాడు. అంతటివాడు, నక్షత్రాలు ఏ పదార్థంతో తయారయ్యాయో మనిషి ఎన్నటికీ తెలుసుకోలేడని 1835లో రాశాడు. పాతికేళ్లు తిరగకముందే శాస్త్రవేత్తలు కిర్కాఫ్, బున్సెన్ వర్ణపటంలోని గీతలు చదివి పదార్థాన్ని గుర్తించడం నేర్పారు. 1868 ఆగస్టు 18న ఫ్రెంచి ఖగోళవేత్త జూల్స్ జాన్సెన్ మన గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం వేళ సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటం చూసి, అవి ప్రధానంగా హైడ్రోజన్ వాయువేనని గుర్తించాడు. గీతలు ఎంత కాంతిగా ఉన్నాయంటే, మర్నాడు గ్రహణం లేకపోయినా వాటిని మళ్లీ చూడగలిగాడు. హీలియం గుంటూరులోనే దొరికిందని చాలామంది చెబుతారు. అది సగం మాట. సూర్యుడి వర్ణపటంలోని పసుపు గీత కొత్త మూలకానిదన్న ఆలోచన ఇంగ్లండులో ఖగోళవేత్త లాకియర్‌ది, భూమ్మీద హీలియంను పట్టుకున్నది 1895లో రసాయనవేత్త రామ్సే. 2022 దాకా గుంటూరు జిల్లాలోనే ఉన్న మాచవరం పిల్లలు ఈ కథను సగంగా కాక పూర్తిగా వినాలి. పొరపాటుకు భయపడి ఉపన్యాసం మానుకోవడం కన్నా, ప్రశ్న అడిగే వీలున్న ఉపన్యాసం పెట్టుకోవడం మేలు.

అన్నీ ఫోనులో ఉన్నాయిగా అనేది రెండో అభ్యంతరం. సమాచారం ఉంది, కాదనను. అతిథి ఇచ్చేది సమాచారం ఒక్కటే అయితే ఆ వాదన నెగ్గేది. హైదరాబాదులో పెరిగిన వేణు బాపు సంగతి చూడండి. తండ్రి నిజామియా వేధశాల ఉద్యోగి, చిన్నప్పటి నుంచీ దుర్భిణులు అందుబాటులోనే ఉన్నాయి. అయినా హార్వర్డ్ తలుపు తెరుచుకున్నది, హార్వర్డ్ వేధశాల అధిపతి హార్లో షాప్లీ హైదరాబాదు వచ్చినప్పుడు ఆయనను కలిశాకే. 1949లో అక్కడ బాపు ఒక తోకచుక్కను కనుగొన్నాడు. తర్వాత కావలూరు వేధశాలను నిలబెట్టాడు, 1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షుడయ్యాడు. ప్రతి ఊళ్లోనూ ఒక బాపు పుడతాడని నేను అనను. తెలిసిన మనిషి ఎదురుగా నిలబడితే, ఈ దారిలో మనుషులు నడుస్తారని, తానూ నడవచ్చని పిల్లవాడికి తెలుస్తుంది. పల్లెల్లో ఎవరు వింటారన్న మాటకు కారెంపూడే జవాబు. ఏటా వీరుల ఉత్సవాల్లో పల్నాటి వీరుల కథను జనం రాత్రిళ్లు మేలుకుని విన్న నేల ఇది. ఇక్కడి వాళ్లకు ఓపిక లేదనడం అన్యాయం.

హైదరాబాదులో 1985 నుంచి బిర్లా ప్లానిటోరియం ఉంది, మంచిదే. అది గుమ్మటం మీద చూపే చుక్కలు మాచవరంలో పైనే ఉన్నాయి. మాట్లాడే మనిషే లేడు. అందుకే విశ్వవిద్యాలయాల్లో భౌతికశాస్త్రం చెప్పే అధ్యాపకులను, వేధశాలల్లో పనిచేసి వచ్చినవాళ్లను అడుగుతున్నాను. వానలు వెనకబట్టాక ఒక అమావాస్య రాత్రి రండి. తెలుగులో మాట్లాడండి, పిల్లలకోడి, గొల్లకావడి అని మనం పిలిచే చుక్కల గుంపుల నుంచి, కార్తెల నుంచి మొదలుపెట్టండి, సగం సమయం ప్రశ్నలకు వదలండి. పంచాయతీవారూ, ఉపన్యాసం సాగే రెండు గంటలు వీధిదీపాలు ఆపించండి.