1.9 సెకన్లు... ఎనిమిదేళ్లు!

సున్నా నుంచి గంటకు 60 మైళ్ల వేగం 1.9 సెకన్లలో! 2017 నవంబరులో కొత్త టెస్లా రోడ్‌స్టర్‌ను చూపించి ఎలాన్ మస్క్ చెప్పిన మాట. అంత వేగమైన బండి మరి, మనం ఆలస్యం చేస్తే అయిపోదూ? కొందరు 50 వేల డాలర్లు అడ్వాన్సు కట్టేశారు. మొదటి వెయ్యి కార్లలో ఒకటి కావాలంటే రెండున్నర లక్షలూ ముందే కట్టాలన్నారు. నీళ్లలో బర్రెను పెట్టి కొమ్ములు బేరమాడటమే. కాకపోతే మన ఊళ్లో బర్రె కనీసం నీళ్లలోనైనా ఉంటుంది.

2020లో ఇస్తామన్న కారు 2025 వెళ్లిపోయినా ఎవరింటి ముందుకూ రాలేదు. పాత రోడ్‌స్టరే నయం. 2018 ఫిబ్రవరిలో రాకెట్ ఎక్కి, డ్రైవరు సీట్లో బొమ్మను కూర్చోబెట్టుకుని, అంగారకుడి కక్ష్య దాకా షికారు కొట్టింది. కొత్తది ఫ్యాక్టరీ గేటు దాటలేదు. ఓపెన్ఏఐ అధిపతి శామ్ ఆల్ట్‌మన్ అంతటివాడు ఏడేళ్లు ఎదురుచూసి, నా డబ్బు నాకిమ్మన్నాడు.

2025 నవంబరులో వాటాదారుల ముందు మస్క్ మరో ముహూర్తం పెట్టాడు. కొత్త ప్రదర్శన 2026 ఏప్రిల్ 1న అన్నాడు. తేదీ ఏరికోరి పెట్టిందే. ఊరికే అన్నానని తప్పించుకునే వీలుంటుందట!