మొదటి నెలకి పంచాంగం, రెండో నెలకి స్కానింగు

మా రోజుల్లో ఆడపిల్ల పెద్దమనిషైందంటే ఇంట్లో ముందు వెతికేది పంచాంగం. పంతులుగారొచ్చి తిథి, వారం, నక్షత్రం చూసేవారు. ఏ వేళప్పుడు చూసుకుంది, ఒంటిమీద ఏ రంగు బట్ట ఉంది, అన్నీ అడిగేవారు. నక్షత్రం బాగాలేదంటే శాంతి చేయించాల్సిందే. పిల్లని తాటాకు చాప మీద కూచోబెట్టి, పసుపు రాసి, రోట్లో నువ్వులూ బెల్లమూ కలిపి దంచిన చిమ్మిలి ఉండలు చేతిలో పెట్టేవారు. నూనె ఊరి వేళ్ళన్నీ జిడ్డయ్యేదాకా దంచాలి, అప్పుడే అది చిమ్మిలి. మేనమామ చీరా పూలూ పట్టుకొచ్చేవాడు. ఇంత హడావిడి చేసినవాళ్ళు రెండోసారి ఎప్పుడొచ్చిందో మాత్రం ఎక్కడా రాసుకునేవారు కాదు. వచ్చినప్పుడు వస్తుందిలే అనేవారు.

ఆ 'వస్తుందిలే' ఇప్పుడు ఏ ఇంట్లోనూ వినపడట్లేదు. నా బాధంతా అదే.

మా పెద్దనాన్నగారి అమ్మాయి పెద్దమనిషయ్యాక రెండు నెలలు మళ్ళీ బయట చేరలేదు. పెద్దమ్మ కంగారు పడుతుంటే మా నానమ్మ, "ఇంకా పచ్చి ఒళ్ళు కదే, కుదురుకోడానికి ఏడాదో రెండేళ్ళో పడుతుంది, పిల్లని బెదరగొట్టకు" అని కసిరింది. ఆవిడ బడి మొహం చూడలేదు. ఇవాళ డాక్టర్లు చెప్పేదీ అదే. మెదడు నుంచి అండాశయాలకి కబురు సక్రమంగా అందడానికి కొంతకాలం పడుతుంది. అందాకా చాలా నెలలు అండం విడుదలే కాదు. అండం విడుదలైతేనే ప్రొజెస్టెరాన్ అనే హార్మోను తయారై, నెల లెక్క నిలబడుతుంది. అది లేనప్పుడు ఈస్ట్రోజెన్ ఒక్కటే గర్భసంచి లోపలి పొరని పెంచుకుంటూ పోతుంది. ఆ పొర ఎప్పుడో ఒకప్పుడు ఊడిపోతుంది. అందుకే మొదట్లో ఆలస్యంగా రావడం, వచ్చినప్పుడు ఎక్కువగా కావడం.

ఇప్పుడో? ఓణీల ఫంక్షనుకి ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కడతారు, డ్రోను కెమెరా ఎగరేస్తారు. పిల్ల పెద్దమనిషైందని ఊరంతటికీ తెలుస్తుంది. వచ్చే నెల రాకపోయినా భయపడక్కర్లేదన్న ఒక్క మాట ఆ పిల్లకి చెప్పే నాథుడు ఉండడు. చేతిలో ఫోను, ఫోనులో యాప్. అది ఇరవై ఎనిమిది రోజుల లెక్క వేసుకుని కూచుంటుంది. తేదీ దాటితే ఎర్ర అక్షరాలు. తల్లికి గుండె జారిపోతుంది, సాయంత్రానికల్లా స్కానింగు సెంటరు బెంచీ మీద ఉంటారు. అక్కడ 'నీటిబుడగలు' అంటారు. ఇంటికొచ్చేసరికి పదమూడేళ్ళ పిల్లకి పీసీఓడీ అని పేరు పడిపోతుంది. పిన్నిగారికీ పక్కింటావిడకీ తెలిసిపోతుంది, రేపు పిల్లలు పుడతారో లేదో అని ఇవాళే గుసగుసలు మొదలు. ఆ పిల్ల మొహం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఆ వయసులో అండాశయాలు అలా బుడగలు బుడగలుగా కనిపించడం ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ మామూలే. అందుకే పీసీఓఎస్ (జనం పీసీఓడీ అనేది దీన్నే) మీద 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు, మొదటి ముట్టు నుంచి ఎనిమిదేళ్ళ దాకా స్కానింగు చూసి ఆ జబ్బని తేల్చవద్దని స్పష్టంగా చెప్పాయి. ఇంత చదువుకున్న తల్లులకి ఈ సంగతి తెలియకపోతే ఎలా?

మా రోజుల్లో లెక్కే లేదు, ఇప్పుడున్న లెక్క పిల్లలది కాదు. ఆ ఇరవై ఎనిమిది పెద్దవాళ్ళ లెక్క. మొదటి ఏడాది ఎలా వచ్చినా చాలావరకు సర్దుకుంటుంది, కాకపోతే ఎప్పుడైనా సరే 90 రోజులు దాటి రాకపోతే చూపించాలి. ఏడాది నుంచి మూడేళ్ళ మధ్య 21 రోజుల నుంచి 45 రోజుల దాకా మామూలే. మూడేళ్ళు దాటాక 21 నుంచి 35కి వస్తుంది. ఈ రోజులు లెక్కపెట్టేది మొదలైన రోజు నుంచి మళ్ళీ మొదలైన రోజుకి, ఆగిన రోజు నుంచి కాదు. దీనికి యాప్ ఎందుకూ, గోడమీది కేలండర్లో తేదీకి సున్నా చుడితే చాలదూ? డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సొస్తే ఆ సున్నాలే అన్నిటికన్నా ముందు చూస్తారు.

అయితే మా వాళ్ళు ఓపిక పట్టకూడని చోట కూడా ఓపిక పట్టారు. ఆ కోపం నాకు ఇంకా తీరలేదు. మా వీధిలో ఒక పిల్ల వసారా చివరి గదిలో రెండు వారాల పైన బయట ఉండిపోయింది. మైల కదా, దగ్గరికెళ్ళి చూసేవాళ్ళు లేరు. కంచం గడప దగ్గర పెట్టి జరిపేవారు. పెదాలు తెల్లబడ్డాయి, లేస్తే కళ్ళు తిరిగేవి. దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశారు. ఆస్పత్రి మాట ఎత్తినవాళ్ళు లేరు. నెల రాకపోవడం కన్నా వచ్చింది ఆగకపోవడం ప్రమాదం. ఏడు రోజులు దాటినా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోతున్నా, గడ్డలు గడ్డలుగా పోతున్నా కూచుని ఎదురు చూడకూడదు. రక్తం గడ్డకట్టడంలో పుట్టుకతో ఉన్న లోపాలు కొందరు ఆడపిల్లల్లో మొదటిసారి బయటపడేది ఇక్కడే.

మరి ఇప్పుడు ఈ విషయంలో బాగుపడ్డామా అంటే అదీ లేదు. నెల ఆలస్యమైన పిల్లని పరుగున తీసుకెళ్తారు, ఎక్కువగా పోతున్న పిల్లకి మాత్రం పెద్ద సైజు ప్యాడ్ కొనిచ్చి బడికి పంపేస్తారు. అసలే మన పిల్లలకి రక్తం తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తం తక్కువని తేలింది. బడిలో వారానికొక నీలం ఐరన్ మాత్ర ఇస్తుంటే, వికారమనీ విరేచనం నల్లగా అవుతోందనీ కిటికీలోంచి పారేస్తారు. నలుపు ఆ మాత్ర గుణం, అన్నం తిన్నాక వేసుకుంటే వికారమూ అంతగా ఉండదు. ఈ మాట ఇంట్లో ఎవరు చెప్తున్నారు? ఇక నెల ఆలస్యమైందని పరుగెత్తేవాళ్ళు ఇదీ ఆలోచించరు, అసలు హాస్టళ్ళలో పెట్టి నిద్ర లేకుండా, తిండి సరిగ్గా లేకుండా చదివిస్తే నెల తప్పకేం చేస్తుంది?

అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండేది నెల వాయిదా వేసే మాత్రలతో. పెళ్ళి ఉందని, తిరపతి ప్రయాణమని, వ్రతమని మందుల షాపులో అడిగి తెచ్చేస్తారు. ఎదిగిన ఆడవాళ్ళు డాక్టరుని అడిగి వేసుకుంటే అది వేరే సంగతి. ఇంకా ఒళ్ళు కుదురుకోని పిల్లకి, చీటీ లేకుండా, పక్కావిడ చెప్పిందని మింగించేస్తారు. మళ్ళీ రెండు నెలల తర్వాత లెక్క తప్పిందని వాళ్ళే గోల పెడతారు. మొన్న శ్రావణంలో మా అమ్మాయి కూడా మనవరాలి కోసం ఆ షాపుకి బయల్దేరింది. గుమ్మంలోనే ఆపేశాను. వరలక్ష్మీ వ్రతానికి శ్రావణంలో ఒక్క శుక్రవారమే ఉందా? ఈ వారం కుదరకపోతే పై వారం చేసుకోమని మా అత్తగారే చెప్పేవారు, అలాగే చేసుకునేవాళ్ళం. మొన్నా అలాగే చేశాం.